అటక మీది సైలెన్సర్

బుల్లెట్ ఉన్న ఇళ్లలో అటక మీద చెయ్యి పెట్టి వెతికితే, పాత గోనెసంచిలోనో చిరిగిన లుంగీలోనో చుట్టిపెట్టిన ఒక పొడుగాటి ఇనుప గొట్టం తగలడం చాలా మామూలు. అది బండితో పాటు కంపెనీ ఇచ్చిన అసలు సైలెన్సర్. బండి షోరూమ్ నుంచి వచ్చిన వారంలోనే, కొందరి ఇళ్లలో అయితే పూజ నిమ్మకాయలు టైర్ల కింద నలిగిన మర్నాడే, దాన్ని విప్పేసి ఇంకోటి బిగించేశారన్నమాట. కానీ విప్పినదాన్ని పాత ఇనుపసామాన్ల వాడికి వెయ్యలేదు, జాగ్రత్తగా దాచారు. మార్చుకోవాలన్న సరదా, మార్చినదాన్ని ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తిప్పాల్సి వస్తుందేమోనన్న అనుమానం, ఈ రెండూ ఒకే మనిషికి ఒకే రోజున పుడతాయి. మోడిఫికేషన్ల గురించి ఎంత మాట్లాడుకున్నా తేలేది ఈ రెండో దాని దగ్గరే: స్పానర్ పట్టుకుంటే వెనక్కి వచ్చేది ఏది, ఎంత డబ్బు పోసినా రానిది ఏది.

అయితే అంతకంటే ముందు బండి నిజంగా మనదేనా అన్నది చూసుకోవాలి. కొత్త బండి అయితే షోరూమ్ వాళ్లే అన్నీ చేసిపెడతారు కాబట్టి గొడవ లేదు. సెకండ్ హ్యాండ్ దగ్గరే అసలు కథ. డబ్బులిచ్చి, తాళం తీసుకుని, ట్యాంక్ ఫుల్ చేయించి, కొండగట్టుకో దగ్గర్లోని అమ్మవారి గుడికో వెళ్లి పూజ చేయించుకుని వస్తే బండి మనదైపోయిందనుకుంటాం. చట్టం అలా అనుకోదు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, నష్టపరిహారం బాధ్యతా వాళ్లదే, బండి అప్పటికే ఎందరి చేతులు మారినా సరే. అంటే ఎప్పుడో అమ్మేసి మర్చిపోయిన బండి ఎక్కడో ఎవర్నో గుద్దితే నోటీసు పాత ఓనరు ఇంటికి వస్తుంది. అయినా సరే మన దగ్గర పేరు మార్పిడికి పెట్టే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు చేసి ఇచ్చెయ్యడం, కొన్నాయన వాటిని బీరువాలో పెట్టుకుని రెండేళ్లు తిరగడం, తర్వాత అవే ఫారాలతో ఇంకొకరికి అమ్మెయ్యడం ఇప్పటికీ నడుస్తోంది. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినాయన 14 రోజుల్లో చెప్పాలి, కొన్నాయన 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. లోన్ మీద కొన్న బండి అయితే ఆర్సీ మీద ఫైనాన్స్ వాళ్ల పేరు పోయిందో లేదో కూడా చూడాలి, లోన్ కట్టేసినంత మాత్రాన అది దానంతటది పోదు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోతున్నాయా అని టార్చి వేసి చూడటం మొహమాటపడాల్సిన పని కాదు. రేపు మోడిఫికేషన్ అంటూ మొదలుపెడితే ఎవరు ఆపినా మొదట చూసేవి ఆ రెండు నంబర్లే.

సరే, మార్చడం సంగతి. మనవాళ్ల సరదా అంతా ఎందుకు బుల్లెట్, యమహా ఆర్ఎక్స్ 100 చుట్టూనే తిరిగింది? ఒక కారణం చాలా సాదాసీదాది, అప్పట్లో కొనడానికి రకాలే లేవు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఇంగ్లండ్‌లో మాతృసంస్థ 1970 నాటికి మూతపడినా తిరువొత్తియూరు ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు, పోత ఇనుము ఇంజిన్ ఉన్న అదే బుల్లెట్‌ను పెద్దగా మార్చకుండా దశాబ్దాల పాటు చేస్తూనే ఉంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, న్యూట్రల్ దొరక్కపోతే మడమతో నొక్కడానికి వేరే ఒక చిన్న లివరు. అంత కాలం డిజైన్ కదలకపోవడంతో ఒక తరం బండి పార్టు ఇంకో తరం బండికి చాలావరకు పట్టేది, పట్టకపోతే పట్టణంలో లేత్ మెషిన్ షాపువాడు పట్టించేవాడు. ఊళ్లో పది బుల్లెట్లుంటే పదీ అన్నదమ్ముల్లా ఉండేవి. అందులో నాది వేరు అనిపించుకోవాలంటే కొనడంలో కుదరదు, కొన్న తర్వాత ఏదో ఒకటి చెయ్యాల్సిందే. ఆ అలవాటు అలా మొదలై, ఇప్పుడు షోరూమ్‌లోనే పది రంగులున్నా పోలేదు.

ఇక సైలెన్సర్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బులు తగలేసి బండిని పాడుచేసుకునే మార్గాల్లో దీనికే మొదటి మార్కు. పాత 350 బుల్లెట్‌లో సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు, ఒకటే సిలిండర్, బరువైన ఫ్లైవీల్. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నిమిషానికి 900 చుట్ల దగ్గర ఐడిల్‌లో ఉందనుకుంటే సెకనుకు ఏడెనిమిది దెబ్బలు మాత్రమే. ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ మన చెవికి అందుతుంది, అందుకే అది మోతలా కాక అడుగుల చప్పుడులా వినిపిస్తుంది. అంటే ఆ శబ్దం పుట్టేది ఇంజిన్‌లో. సైలెన్సర్‌లోని పలకలు, గదులు దాని వాడి తగ్గిస్తాయి అంతే. వాటిని పీకేస్తే గంభీరత పెరగదు, గోల పెరుగుతుంది. దూరం నుంచి విన్నవాళ్లకు బండి గొప్పగా కాదు, సైలెన్సర్ ఊడిపోయిన లారీలా వినిపిస్తుంది, ఈ మాట ఓనర్లకు ఎవరూ చెప్పరు.

ఖాళీ గొట్టం బిగిస్తే పికప్ పెరుగుతుందన్న నమ్మకం ఒకటుంది. కార్బొరేటర్ బండిలో ఏమవుతుందంటే, పొగ తేలిగ్గా బయటికి పోవడంతో గాలి ఎక్కువ లాగుతుంది, పెట్రోలు మాత్రం పాత జెట్, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రం, ఇచ్చినంతే వస్తుంది. మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పటాకులు పేలతాయి. ఆ పటాకుల కోసమే మార్చేవాళ్లూ ఉన్నారనుకోండి, వాళ్లకు చెప్పేదేం లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ ప్రమాణం) బండ్లలో ఇంకో చిక్కు. ఎగ్జాస్ట్‌లోనే ఆక్సిజన్ సెన్సర్, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. గొట్టం మొత్తం మార్చేస్తే కన్వర్టర్ పోతుంది, దాంతో పొగ ప్రమాణం పోతుంది, ఇంజిన్ వారంటీ మీద సర్వీస్ సెంటర్ వాళ్లతో వాదన మొదలవుతుంది.

ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ విషయం పూర్తిగా వేరు. దాంట్లో సైలెన్సర్ అనేది ఇంజిన్‌కు తగిలించిన గొట్టం కాదు, ఇంజిన్‌లో సగం. పొగ బయటికి పోయేటప్పుడు పుట్టే ఒత్తిడి అల ఆ గొట్టం ఆకారానికి తగిలి వెనక్కి వచ్చి, బయటికి జారిపోబోతున్న తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. గొట్టం ఎంత పొడుగు, ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడింది అన్నదాన్ని బట్టే బండి ఏ స్పీడులో లాగుతుందో తేలుతుంది. పొడుగు కొంచెం మారినా కింది గేర్లలో లాగుడు చచ్చిపోయి పైన మాత్రమే పరుగెత్తే బండి తయారవుతుంది, సిటీ ట్రాఫిక్‌లో అలాంటిదాన్ని నడపడం ఒక శిక్ష. నిజానికి చాలా ఆర్ఎక్స్‌లకు కొత్త సైలెన్సర్ అక్కర్లేదు, పాతదాంట్లో ఏళ్ల తరబడి పేరుకున్న మసిని కాస్టిక్ సోడాలో నానబెట్టి తీయిస్తే పోయిన పికప్ సగం దానంతటదే తిరిగొస్తుంది.

చట్టం చెప్పేది ఏమిటంటే, 175 సీసీ దాటిన కొత్త మోటార్ సైకిల్ పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లయినట్టు, కాబట్టి 90 అంటే కొంచెం ఎక్కువ అని కాదు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత 190వ సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దు. పట్టుకున్న సైలెన్సర్లను వరసగా రోడ్డు మీద పేర్చి రోడ్ రోలర్ ఎక్కించడం మన రెండు రాష్ట్రాల పోలీసులకూ ఇప్పుడు మామూలైపోయింది. ఆ రోజు ఇంటికి బండి కదలాలంటే అటక మీది గోనెసంచే దిక్కు.

అసలు ఎంతవరకు మార్చొచ్చు అన్న ప్రశ్నకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒక గీత గీసింది: కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను ఇంకా ముదురుగా దిద్దింది. అదే ఏడు సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించాలి. ఛాసిస్ కోసి పొడిగించి, ముందు ఫోర్కులు సాగదీసి చాపర్ చేయించినవాడికి లెక్క ఎక్కడ ఆగుతుందో ఊహించుకోవచ్చు. రంగు మారిస్తే అంత గొడవ లేదు, కానీ రంగు ఆర్సీలో రాసి ఉంటుంది కాబట్టి ఆర్టీఏ ఆఫీసులో చెప్పి మార్పించుకోవాలి. సీటు కవరు, అద్దాలు, క్రాష్ గార్డు, సామాను పెట్టెల లాంటి చిన్నవాటి జోలికి మామూలుగా ఎవరూ రారు. ఈ పరిస్థితి కంపెనీలకు బాగానే కలిసొచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మేక్ ఇట్ యువర్స్ అని మొదలుపెట్టి, సీటు, అద్దాలు, రంగు బుకింగ్ టైమ్‌లోనే ఎంచుకోమంటోంది. షెడ్డులో జరిగే పని షోరూమ్ బిల్లులోకి వెళ్లిపోయింది, సరదా అదే, జీఎస్టీ అదనం.

వెనక్కి తిప్పగలిగిన మార్పుల్లో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చేవి ఒళ్లు బండిని తాకే చోట్ల ఉంటాయి. సీటు ఫోమ్ సరిగ్గా వేయించుకుంటే విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా నడుం గుర్తురాదు, అదే డబ్బుతో కొన్న క్రోమ్ సామాను అక్కడికొచ్చేసరికి వర్షానికి చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. హ్యాండిల్ బార్ మార్చడం పైకి చాలా తేలిక, నాలుగు బోల్టులు. కానీ ఎత్తు పెరిగిన బార్‌కు పాత కేబుళ్లు సరిపోవు. స్టాండ్ మీద బాగానే ఉంటుంది, రోడ్డు మీద యూటర్న్ కొట్టేటప్పుడు బార్ పూర్తిగా తిప్పగానే యాక్సిలరేటర్ కేబుల్ లాగుకుని ఇంజిన్ దానంతటదే రేజ్ అవుతుంది. అప్పటికి చెయ్యగలిగింది దేవుణ్ని తలచుకోవడమే. కొత్త బార్ బిగించాక బండి స్టార్ట్ చేసి, ఆ చివరి నుంచి ఈ చివరికి బార్ తిప్పుతూ ఇంజిన్ చప్పుడు మారుతుందేమో వినడం రెండు నిమిషాల పని.

కెఫే రేసర్ మోజు ఇంకొకటి. 1950లు, 60లలో లండన్ ఏస్ కెఫే కుర్రాళ్లు ఒక కప్పు కాఫీకీ ఇంకో కప్పు కాఫీకీ మధ్య నున్నటి రోడ్ల మీద పరుగెత్తడానికి పుట్టిన ఆకారం అది, అందుకే బార్ కిందకి, కాళ్లు వెనక్కి, సీటు ఒక్కరికే. మన రోడ్ల మీద గల్లీకి మూడు స్పీడ్ బ్రేకర్లు, అందులో ఒకటి ఎవరో ఇంటిముందు సొంతంగా పోసుకున్నది. ఒంటి బరువంతా మణికట్ల మీద పడి అరగంటకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఫొటోకి మాత్రం తిరుగులేదు.

టైర్లు, లైట్లు కూడా పైకి కనిపించినంత అమాయకమైనవి కావు. ఆర్ఎక్స్‌కు కంపెనీ ఇచ్చినవి ముందు 2.50, వెనక 2.75 సైజు సన్నటి టైర్లు, వంద కిలోల పైచిలుకు బరువుకు, 11 హార్స్ పవర్‌కు అవి సరిపోతాయని లెక్కేసి ఇచ్చారు. వెనక లావుపాటి టైరు వేస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ సన్నటి రిమ్ మీద టైరు ఆకారం మారిపోయి బండి వంగనని మొండికేస్తుంది, మైలేజీ తగ్గుతుంది, కొన్నిటికి చెయిన్ కూడా రాసుకుంటుంది. హెడ్‌లైట్‌లో 60/55 వాట్ల బల్బు తీసి 100/90 పెడితే దానికి కావలసిన కరెంటు పాత స్విచ్చిలోంచే పోవాలి, స్విచ్చి మీద భారం పడకుండా చూసే రిలే వెయ్యకపోతే ముందు హోల్డరు, తర్వాత స్విచ్చి కరుగుతాయి. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద కంటే ఎదురొచ్చేవాడి కళ్లలో ఎక్కువ పడుతుంది. బండి మార్పుల్లో ఇంటికి వెళ్లేదాకా మనకు తెలియకుండా ఇంకొకర్ని బాధపెట్టేది ఇదొక్కటే. సైలెన్సర్ అయితే మనకూ తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువమంది చేయించుకున్న కస్టమైజేషన్ ఏదంటే నంబర్ ప్లేటే. పేరు, కులం, అభిమాన హీరో, నాన్న గిఫ్ట్, అమ్మ దీవెన అన్నీ ఆ జానెడు రేకు మీదకే ఎక్కాయి, 8055ను బాస్ అని చదివించడానికి అంకెల నడుములు విరిచారు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు విప్పడానికి వీల్లేని లాకుతో హై సెక్యూరిటీ ప్లేటు రావడంతో ఆ చేతిరాత కళ దాదాపు పోయింది. పోయినందుకు బాధపడాల్సిందేం లేదు గానీ, ఏపీ పోయి టీఎస్ వచ్చి, 2024లో టీజీ అయిన తెలంగాణలో ఒకే ఇంట్లో మూడు బండ్లకు మూడు రకాల ప్లేట్లు నిలబడి ఉంటే చూడ్డానికి అదొక రకం చరిత్ర.

పెయింట్ మీద ఒక మాట. మద్రాసు ఫ్యాక్టరీలో బుల్లెట్ ట్యాంక్ మీది బంగారు గీతలు చేత్తో, కుంచెతో గీసేవాళ్లు. హైదరాబాద్‌లోనే ఎయిమర్ కస్టమ్స్ లాంటి వాళ్లు ఎన్‌ఫీల్డ్‌లకు రంగులెయ్యడంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. పనితనం ఉన్న చేతికి ఇచ్చినంతవరకు బండిని ముట్టుకోకుండా బండిని మార్చే పద్ధతి ఇదే. ఒకటే జాగ్రత్త, పాత ట్యాంక్ గీకించే ముందు అసలు గీతల్ని, స్టిక్కర్ల కొలతల్ని ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఎందుకంటే కాలం గడిచేకొద్దీ వ్యవహారం తిరగబడుతుంది. ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. తొంభైల్లో దానికి నాన్న ఏమేం చేయించాడో, వెడల్పు టైరు, గీకించిన పోర్టులు (సిలిండర్‌లోకి మిశ్రమం వచ్చే, పొగ పోయే దారులు), కోసేసిన మడ్‌గార్డు, పెయింట్ మీద మంటల బొమ్మలు, అవన్నీ ఇప్పుడు కొడుకు రెండింతలు ఖర్చుపెట్టి తీయిస్తున్నాడు. కొత్త బండికి తేడా కావాలి, పాత బండికి ఒరిజినల్ కావాలి. అప్పట్లో షెడ్డులో పారేసిన స్టాక్, అంటే కంపెనీ ఇచ్చిన, మడ్‌గార్డు, సైడ్ డబ్బాలు, మీటరు ఇప్పుడు వెతుక్కుని కొనే సామాను, అందులో డూప్లికేట్ ఎక్కువ. తండ్రి ఒక చెక్కపెట్టెలో అవి దాచిపెట్టి ఉంటే అది కొడుక్కి ఆస్తి కిందే లెక్క.

దాచినా రానిది ఒకటుంది. ఆర్ఎక్స్ సిలిండర్ వెడల్పు 50, పిస్టన్ కదలిక 50 మిల్లీమీటర్లు, లెక్కేస్తే 98 సీసీ. ఇంజిన్ పని వచ్చిన ప్రతిసారీ బోర్ చేయించి, అంటే సిలిండర్ లోపలి గోడ కాస్త కోయించి, పావు మిల్లీమీటర్ పెద్ద పిస్టన్ వేస్తారు, అలా నాలుగు సార్లకు 51 దాకా వెళ్తుంది, అక్కడితో ఆ గోడ అయిపోయినట్టే, తర్వాత లోపల కొత్త గోడలా స్లీవ్ వేయించుకోవాలి లేదా వేరే బ్లాక్ వెతుక్కోవాలి. స్పీడు కోసం పోర్టులు గీకించినా అంతే, గీకిన లోహాన్ని తిరిగి పెట్టే మెకానిక్ లేడు. పాత బండి కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడం దండగ, మీటరు ఎన్నిసార్లు మారిందో ఎవరికీ తెలియదు. ఎన్నో బోర్ మీద ఉంది అని అడగాలి. అమ్మేవాడి మొహం చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కాగితాల వైపు కూడా పాత బండి ఓపిక అడుగుతుంది. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, 2022 ఏప్రిల్‌లో ద్విచక్ర వాహనానికి దాని ఫీజును 300 నుంచి 1000కి పెంచారు, దానికి తోడు గ్రీన్ ట్యాక్స్. రెన్యువల్‌కి తీసుకెళ్లినప్పుడు బండి ఆర్సీలో ఉన్నట్టే ఉండాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్‌తో వేరే గుర్తింపు ఇస్తున్నాయి, అదీ ఛాసిస్, ఇంజిన్ లాంటివాటిని పెద్దగా మార్చకుండా ఉంటేనే, రోజువారీ తిరగడానికి కూడా కాదు. ఆ లెక్కన మొట్టమొదటి ఆర్ఎక్స్‌లకు 2035లో వంతు వస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లకూ అంతే, చెప్పకుండా చేయించిన మార్పులకు విలువ కట్టరు, ప్రమాదానికి ఆ మార్పే కారణమని తేలితే సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. లక్ష పెట్టి చేయించిన పని అమ్మేటప్పుడు లక్షగా తిరిగి రాదు, కొనేవాడికి అది అవతలివాడి రుచి.

తండ్రి పోయాక బండి పేరు మార్పించుకోవడానికి 31వ ఫారం ఉంది, మూడు నెలల్లో పెట్టుకోవాలి. చాలా ఇళ్లలో పెట్టరు. కొన్నిచోట్ల బద్ధకం, కొన్నిచోట్ల ఆర్సీ మీద నాన్న పేరు అలాగే ఉండనిద్దామని. బండి షెడ్డులో కవరు కింద ఉంటుంది. ఎప్పుడో ఒక ఆదివారం ఎవరో వచ్చి అమ్ముతారా అని అడుగుతారు, అమ్మేది లేదని చెప్పినా ఒకసారి చూస్తామంటారు, కవరు ఎత్తి ట్యాంక్ మీద చెయ్యి పెట్టి, వంగి ఇంజిన్ నంబరు చూసి, లేచి నిలబడి అడిగే మొదటి మాట, స్టాక్ సైలెన్సర్ ఉందా అని.